బావికి మందు

ఎర్నెస్ట్ హ్యాన్‌బరీ హ్యాంకిన్ 1892లో ఆగ్రాకు ప్రభుత్వ రసాయన పరీక్షకుడిగా వచ్చాడు. గంగానీటిలో కలరా క్రిములు చచ్చిపోతున్నాయని 1896లో రాసినవాడిగా ఆయన పేరు ఇవాళ కొందరికి తెలుసు. ఆ కాలపు ఆరోగ్య సిబ్బందికి మాత్రం ఆయన మరో పనికి గుర్తు: ఊళ్ళో కలరా తగిలితే బావుల్లో పొటాషియం పర్మాంగనేట్ వేయించడం. మోతాదుకు పెద్ద లెక్కలు అక్కర్లేదు, కంటికి కనిపించే గుర్తు చాలు. నీళ్ళు గులాబీ రంగుకు తిరగాలి, ఆ రంగు కొన్ని గంటలైనా నిలవాలి. వెంటనే వెలిసిపోతే బావిలో మురికి ఇంకా మిగిలి ఉందన్నమాట, మరికాస్త వేయాలి. తర్వాతి రోజుల్లో దీని స్థానంలోకి బ్లీచింగ్ పౌడర్ వచ్చింది, గులాబీ రంగు బదులు క్లోరిన్ వాసన గుర్తయింది. రంగైనా వాసనైనా, ఆ పరీక్ష అడిగే ప్రశ్న ఒకటే: మందు చాలిందా, లేదా? ఆ మందు బావిలో ఇంకేం చేసిందన్న ప్రశ్న పెద్దగా ఎవరూ వేయలేదు. వేయాల్సినంత అవసరమూ లేదు. బావి మూత లేని పాత్రలాంటిది. రెండు రోజులు తోడిపోస్తే కొత్త ఊట వస్తుంది, అడుగున గోధుమ రంగు మడ్డి కాస్త చేరుతుంది, అంతటితో సరి.

దాదాపు వందేళ్ళ తర్వాత అదే పర్మాంగనేట్‌ను బావిలో కాక, బావికి ఊటనిచ్చే నేల పొరలోకే గొట్టాలు దింపి ఎక్కించడం మొదలైంది. ఈసారి శత్రువు కలరా కాదు, కార్ఖానాలు వదిలిన ద్రావకాలు, లోహాలు. పర్మాంగనేట్‌తో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్, పర్సల్ఫేట్, ఇంకా బాక్టీరియాకు మేతగా మొలాసిస్, వంటనూనె, ఆల్కహాల్ కూడా రంగంలోకి దిగాయి. మందు మారింది, పాత్ర మారింది, ప్రశ్న మాత్రం చాలాకాలం మారలేదు. పరిశీలన బోరులో నీళ్ళు ఊదా రంగులో పైకొస్తే మందు అక్కడిదాకా చేరిందని సంతోషించడం హ్యాంకిన్ నాటి అలవాటే. నేల పొర పాత్ర కాదన్న సంగతి దగ్గరే చిక్కంతా వచ్చింది. అది ఇసుక, బంకమట్టి, ఇనుము తుప్పు, మాంగనీసు పొరలు, సూక్ష్మజీవులు కలగలిసి వేల ఏళ్ళుగా ఒక సర్దుబాటుకు వచ్చిన చోటు. భూగర్భంలోకి రసాయనం ఎక్కించడంలో ప్రమాదం ఎక్కువగా ఆ రసాయనంలో లేదు, అది రాతిలో నిద్రలేపేదానిలో ఉంది. అందువల్ల అంచనా వేయాల్సింది మందును కాదు, చోటును. ఈ సంగతి భూజల శుద్ధి వృత్తివాళ్ళు పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, కొన్ని ఊళ్ళ మీద నేర్చుకున్నారు.

ఎక్కించడం ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి, లేకపోతే ఇది పనిలేని దుస్సాహసంలా కనిపిస్తుంది. 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్‌లో పాతిన రసాయన వ్యర్థాలు బయటపడ్డ ఉదంతం, 1980లో దాని వెనకే వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం అమెరికాలో భూజల శుద్ధిని ఒక పరిశ్రమగా మార్చాయి. మొదట అందరికీ తోచిన దారి ఒకటే: చెడ్డ నీళ్ళు తోడాలి, పైన శుద్ధి చేయాలి, వదలాలి. బావిని తోడి పోయడం లాంటిదే, కాస్త పెద్ద ఎత్తున. పదేళ్ళు తోడాక లెక్కలు తేలడం మొదలైంది. అక్కడి జాతీయ పరిశోధనా మండలి 1994లో అలా తోడుతున్న 77 చోట్లను పరిశీలిస్తే, శుద్ధి లక్ష్యానికి చేరినవి 8 మాత్రమే. కారణం రసాయనాల స్వభావంలోనే ఉంది. లోహపు భాగాల జిడ్డు తుడవడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ నీటికంటే బరువైనది. అది పొర అడుగుకు దిగి బంకమట్టి సందుల్లో గూడు కట్టుకుంటుంది. పైన నీళ్ళు ఎంత తోడినా అడుగునుంచి కొంచెం కొంచెంగా కరుగుతూనే ఉంటుంది. తోడటం ఆపిన ఏడాదికి కొలిస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ లెక్కన శుద్ధికి పట్టేది దశాబ్దాలు కాదు, తరాలు. అప్పుడు పుట్టిన ఆలోచన, నీటిని మందు దగ్గరికి తేవడం మాని మందునే నీటి దగ్గరికి పంపడం. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్ళు బోర్డెన్ సైనిక స్థావరంలో, ఇసుక పొరలో ఇనుప పలకలతో గది కట్టి, అందులోకి కావాలనే ద్రావకాన్ని వదిలి, పర్మాంగనేట్‌తో దాన్ని విరగ్గొట్టి చూపించారు. 1990ల నాటి ఆ ప్రయోగాలు నిజంగా గొప్పవి. కానీ బోర్డెన్‌లో ఇసుక ఒకే తీరుది, చుట్టూ గోడలున్నాయి, ఆ నీళ్ళు తాగేవాళ్ళు లేరు. ఈ మూడు సౌకర్యాలూ బయట ఎక్కడా ఒకచోట దొరకవు.

కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో, బార్‌స్టో పట్టణానికి పడమరన ఉన్న హింక్లీ అనే చిన్న ఊరు ఈ చరిత్రకు కేంద్రం. 2000లో వచ్చిన ‘ఎరిన్ బ్రాకోవిచ్’ సినిమా చూసినవాళ్ళకు ఆ ఊరి పేరు తెలుసు. 1993లో వేసిన దావా, 1996లో 33 కోట్ల 30 లక్షల డాలర్ల రాజీతో కథ సుఖాంతమైనట్టు సినిమా ముగుస్తుంది. డబ్బు పంచుకున్నాక నేలలో విషం ఏమైందన్నది సినిమాకు అక్కర్లేని విషయం. అసలు కథ 1952లో మొదలైంది. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ అక్కడ సహజవాయువును ఒత్తిడితో ముందుకు నెట్టే కేంద్రాన్ని పెట్టింది. ఒత్తిడికి వాయువు వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చే నీళ్ళ గొట్టాలకు తుప్పు పట్టకుండా క్రోమియం-6 కలిపేవారు. వాడిన నీళ్ళను అడుగున ఏ పరుపూ లేని గుంటల్లోకి వదిలేవారు. 1960ల నడుమ దాకా ఇదే సాగింది. గుంటల్లోంచి దిగిన క్రోమియం ఇసుక పొరలో నీటితో పాటు ఉత్తరానికి నడుస్తూ పోయింది. సంస్థ ఈ సంగతి లహోంటన్ ప్రాంతీయ నీటి మండలికి చెప్పింది 1987 డిసెంబరులో.

క్రోమియానికి రెండు ముఖాలున్నాయి. ఆరో స్థితిలో, అంటే క్రోమియం-6గా, అది నీటిలో కరుగుతుంది, కదులుతుంది, ఒంట్లోకి వెళితే క్యాన్సర్ భయం ఉంది. మూడో స్థితిలో ఇనుముతో కలిసి గట్టిపడి ఇసుక రేణువులకు అంటుకుపోతుంది, నీటిలో దాదాపు కరగదు. కాబట్టి దాన్ని బయటికి తీయక్కర్లేదు, ముఖం మారిస్తే చాలు. హింక్లీలో దీనికి రెండు దారులు పట్టారు. ఒకటి, నీళ్ళు తోడి లూసర్న్ గడ్డి పెంచడం. వేళ్ళ దగ్గర కుళ్ళే పదార్థం, అక్కడి సూక్ష్మజీవులు క్రోమియాన్ని మూడో స్థితికి దించుతాయి, గడ్డి పశువుల మేతకు పోతుంది. రెండోది, బోర్ల వరసలు వేసి నేల పొరలోకి ఇథనాల్, అంటే ఆల్కహాల్, ఎక్కించడం. తెలుగులో మందు అంటే జబ్బు తగ్గించేదీ అవుతుంది, పురుగును చంపేదీ అవుతుంది, సాయంత్రం సీసాలో ఉండేదీ అవుతుంది. ఇక్కడ మూడో అర్థంలోని మందే మొదటి అర్థానికి వాడారు. ఇథనాల్ దానంతట అది క్రోమియాన్ని ఏమీ చేయదు. అది బాక్టీరియాకు విందు. విందు మీద పడ్డ బాక్టీరియా ముందు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును ఖర్చు చేస్తుంది. అది అయిపోతే నైట్రేట్‌ను, ఆపైన మాంగనీసు పొరలను, ఇనుము తుప్పును వాడుకుంటుంది. ఈ క్రమంలోనే క్రోమియం-6 మూడో స్థితికి దిగిపోతుంది. ఇక్కడిదాకా విజయమే, నిజంగానే విజయం. ఎక్కించిన చోట్ల క్రోమియం-6 బాగా పడిపోయింది.

అయితే మాంగనీసు, ఇనుము అప్పటిదాకా గట్టి పొరలుగా ఉన్నాయి, ఇప్పుడు కరిగి నీటిలోకి వచ్చాయి. ఇనుము తుప్పు ఊరికే ఉండదు, వేల ఏళ్ళుగా నీటిలోని ఆర్సెనిక్‌ను పీల్చి పట్టుకుని ఉంటుంది. తుప్పు కరిగితే ఆర్సెనిక్‌కు విడుదల. మొహావీలాంటి ఎడారి ఇసుకల్లో ఆర్సెనిక్ సహజంగానే ఉంటుంది. అంటే ఒక విషాన్ని పడుకోబెట్టడానికి పోసిన మందు పక్కనే నిద్రపోతున్న మరో విషాన్ని తట్టి లేపగలదు. ఇది ఎవరూ ఊహించలేని వింతేం కాదు. హింక్లీలో ఇథనాల్ ఎక్కించడానికి ముందే ప్రపంచం దీన్ని భయంకరమైన పరిమాణంలో చూసింది. 1970ల నుంచి బంగ్లాదేశ్‌లో చెరువు నీటి విరేచనాల నుంచి పిల్లలను కాపాడటానికి యునిసెఫ్ సాయంతో గొట్టపు బావులు విరివిగా వేశారు. ఉద్దేశంలో లోపం లేదు, క్రిములూ తగ్గాయి. పశ్చిమ బెంగాల్‌లో 1983లో, బంగ్లాదేశ్‌లో 1993లో ఆ నీళ్ళలో ఆర్సెనిక్ బయటపడింది, కోట్లమంది దాని బారిన పడ్డారు. ఆర్సెనిక్ ఎలా వచ్చిందో 1990ల చివర శాస్త్రవేత్తలు వివరించారు: డెల్టా మట్టిలోని కుళ్ళిన సేంద్రియ పదార్థం బాక్టీరియాకు మేతైంది, బాక్టీరియా ఇనుము తుప్పును కరిగించింది, తుప్పు పట్టుకున్న ఆర్సెనిక్ నీటిలోకి జారింది. హింక్లీలో గొట్టంలోంచి దింపిందీ అలాంటి మేతే. బెంగాల్‌లో ప్రకృతి వేల ఏళ్ళ పాటు చేసినదాన్ని ఇక్కడ ఇంజనీర్లు కొన్ని వారాల్లో కావాలని చేస్తున్నారు. తేడా అంతే.

ఇథనాల్‌కు బదులు పర్మాంగనేట్ వాడి మందు దిశ మార్చితే చాలుననుకుంటే అదీ కాదు. ట్రైక్లోరోఇథిలీన్ ఉన్నచోట పర్మాంగనేట్ ఎక్కిస్తే ఆ ద్రావకం విరిగిపోతుంది. కానీ ఆ రాతిలో సహజంగా మూడో స్థితి క్రోమియం ఉంటే, ఆ పర్మాంగనేటే దాన్ని ఆరో స్థితికి లేపుతుంది. అంటే హింక్లీలో అందరూ భయపడ్డ పదార్థం ఇక్కడ చికిత్సలోంచే పుడుతుంది. పర్మాంగనేట్ ఖర్చయ్యాక అది చాలాచోట్ల తిరిగి తగ్గిపోతుందన్నదీ నిజమే, అయితే ఎంత దూరం పోయాక తగ్గుతుందన్నది ఆ నేలను బట్టి ఉంటుంది. ఇక అదే ద్రావకాన్ని బాక్టీరియాతో విరగ్గొట్టాలంటే క్లోరిన్ పరమాణువులు ఒక్కొక్కటే ఊడుతూ రావాలి. దారిలో వినైల్ క్లోరైడ్ అనే మజిలీ ఒకటుంది. సరైన బాక్టీరియా లేని నేలలో పని అక్కడే ఆగిపోవచ్చు. అమెరికాలో తాగునీటిలో ట్రైక్లోరోఇథిలీన్ లీటరుకు 5 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటారు, వినైల్ క్లోరైడ్‌కు 2 మాత్రమే. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే. ఇన్నిటికీ తోడు ఎవరూ పెద్దగా మాట్లాడని మామూలు భౌతిక సత్యం ఒకటుంది. నిండుగా ఉన్న పొరలోకి వెయ్యి లీటర్ల మందు నెడితే, అక్కడున్న వెయ్యి లీటర్ల చెడ్డ నీళ్ళు ఎటో ఒకవైపు జరగాల్సిందే. జరిగే వైపు ఎవరి బోరుందో ముందే తెలియాలి.

ఈ వాదనకు ఈ పని చేసేవాళ్ళ జవాబులున్నాయి, అవి తేలిగ్గా తోసేయదగ్గవి కావు. మొదటిది: ఈ పక్క ప్రభావాలన్నీ తాత్కాలికం. మేత అయిపోయి, నీరు ముందుకు నడిచి, ప్రాణవాయువున్న పొరలోకి చేరితే ఇనుము, మాంగనీసు మళ్ళీ గట్టిపడతాయి, ఆర్సెనిక్‌ను మళ్ళీ పట్టేసుకుంటాయి. రసాయనశాస్త్రంగా ఇది సరే. కానీ ‘తాత్కాలికం’ అనేది కాలాన్ని చెప్పే మాట, భూజలంలో కాలమంటే దూరం. ఎక్కించిన చోటికి, మళ్ళీ గట్టిపడే చోటికి మధ్య బోరు లేకపోతే అది తాత్కాలికమే. మధ్యలో ఒక ఇల్లుంటే ఆ ఇంటికి అది రోజూ తాగే నీళ్ళు. హింక్లీలో ఇళ్ళ బోర్లు దగ్గర్లోనే ఉండేవి, మాంగనీసు, ఆర్సెనిక్ గురించి అక్కడివాళ్ళు పట్టుబట్టి అడిగారు. మాంగనీసు విషయంలో మరో ఇబ్బంది ఉంది. అమెరికాలో దానికి చెప్పే 50 మైక్రోగ్రాముల హద్దు రంగూ రుచీ గురించిన సూచన మాత్రమే, సమాఖ్య చట్టంతో అమలయ్యే నిషేధం కాదు. చికిత్సలో పుట్టే పదార్థానికి చట్టంలో కోరలు లేకపోతే అంచనా పత్రంలో అది ఒక వాక్యంగా మిగిలిపోతుంది.

రెండో జవాబు ఇంకా బలమైనది. నీళ్ళు ఎలాగూ విషమే, ఇంకా పెద్ద విషాన్ని తగ్గిస్తుంటే చిన్నదాని గురించి ఇంత చర్చ ఎందుకు, చర్చ జరిగినన్నాళ్ళూ క్రోమియం నడుస్తూనే ఉంటుంది కదా అని. ఆలస్యానికీ ఖరీదుందన్న మాట నిజం, తోడే పద్ధతి తేలిపోయాక చేతులు కట్టుకు కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే. కానీ ఈ వాదన కష్టాన్ని ఒకే సంచిలో వేసి తూస్తోంది. క్రోమియం ఉన్న బోరు ఒకరిది, ఆర్సెనిక్ లేచే బోరు మరొకరిది. అప్పటిదాకా శుభ్రంగా ఉన్న రెండో మనిషి బోరుకు మొదటి మనిషి బాగుకోసం కొత్త ప్రమాదం తెచ్చిపెడుతున్నాం. మొత్తం విషం తగ్గిందన్న లెక్క ఆ రెండో మనిషికి జవాబు కాదు. మూడో జవాబు ప్రయోగశాల వాళ్ళది: ముందే ఆ మట్టి తెచ్చి గొట్టాల్లో పోసి మందు పరీక్షిస్తాం కదా అని. అది చేయాల్సిందే. అయితే గొట్టంలోకి వచ్చేది కొన్ని కిలోల మట్టి, బయట ఉన్నది మైళ్ళ పొడవు పొర. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో నీళ్ళు రెండు తీర్లుగా ఉండే చోట ఆ కొన్ని కిలోలు దేనికి ప్రతినిధి అన్నదే ప్రశ్న.

లహోంటన్ నీటి మండలి 2013లో ఆమోదించిన పర్యావరణ ప్రభావ నివేదిక అందుకే ఈ చరిత్రలో మలుపు అనిపిస్తుంది. అందులో క్రోమియం ఎంత తగ్గుతుందన్న లెక్కతో పాటు, శుద్ధి చేసే పనే ఏం పాడుచేస్తుందన్న లెక్క కూడా ఉంది. ఇథనాల్ వల్ల లేచే మాంగనీసు, ఆర్సెనిక్, గడ్డికి తోడటం వల్ల పడిపోయే నీటిమట్టం, ఆవిరై చిక్కబడే లవణాలు, ఎడారి తాబేళ్ళ నేలకు జరిగే నష్టం అన్నీ అందులో చేరాయి. ఎవరి బోరు దెబ్బతింటే వాళ్ళకు బదులు నీళ్ళివ్వాలన్న షరతు వచ్చింది. దీని పక్కన సమాఖ్య చట్టాన్ని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1974 నాటి తాగునీటి చట్టం కింద, భూమిలోకి ఎక్కించే బోర్లను తరగతులుగా విడదీశారు. శుద్ధి కోసం మందు ఎక్కించే బోర్లు ఐదో తరగతిలో పడ్డాయి, వాననీటి గుంతలు, పెద్ద సెప్టిక్ ట్యాంకులు కూడా ఆ తరగతిలోవే. వాన నీటినీ పర్మాంగనేట్‌నూ ఒకే గాటన కట్టడం చూస్తే, ఆ తరగతులు కట్టినవాళ్ళ మనసులో ఇంకా హ్యాంకిన్ బావే ఉన్నట్టుంది.

కానీ ఆ 2013 నివేదికకూ ఒక లోటు వెంటాడింది. ఏది లేచిందో చెప్పాలంటే, ముందు ఏది ఎంత ఉండేదో తెలియాలి. హింక్లీ రాళ్ళలో సహజంగా కొంత క్రోమియం ఉంది. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ 2007లో ఇచ్చిన అధ్యయనం ఆ సహజ స్థాయి లీటరుకు సగటున 1.2, గరిష్ఠంగా 3.1 మైక్రోగ్రాములని చెప్పింది. ఆ లెక్క మీద నమ్మకం కుదరక, అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన జాన్ ఇజ్‌బికీ నాయకత్వంలో పని మళ్ళీ మొదటినుంచి జరిగింది. రాళ్ళ ఖనిజాలు, నీటి వయసు, ఐసోటోపులు అన్నీ చూశారు. నివేదిక పూర్తిగా వచ్చింది 2023లో. కలుషితమైందని తెలిసిన ముప్పై ఆరేళ్ళకు, ఎక్కించడం మొదలై పదిహేనేళ్ళు దాటాక, మొదట్లో ఏముండేదో తేలింది. ఈ లోపు 2013లో ఊరి బడి మూతపడింది, గ్యాస్ సంస్థ కొన్న ఇళ్ళు ఒక్కొక్కటీ నేలమట్టమయ్యాయి. ఎవరి కోసం శుద్ధి చేస్తున్నారో ఆ మనుషుల్లో చాలామంది ఊరు వదిలాక అంచనా పక్కాగా తయారైంది.

మన దగ్గర ఈ లోటు ఇంకా లోతైనది. కలుషితం చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన దేశంలో స్థిరపరిచిన 1996 నాటి బిఛ్రీ తీర్పు రాసింది తెలుగువాడైన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి. రాజస్థాన్‌లో రంగుల పరిశ్రమకు ముడిసరుకైన హెచ్ ఆమ్లం తయారీ వ్యర్థాలతో బావినీళ్ళు నల్లబడ్డ ఊరి కేసు అది. డబ్బు ఎవరివ్వాలో తీర్పు తేల్చింది. ఆ డబ్బుతో నేలలోకి ఏం దింపాలి, దింపితే ఏం లేస్తుంది అన్నది కోర్టు ముందున్న ప్రశ్న కాదు. తమిళనాడులోని రాణిపేటలో మూతపడ్డ క్రోమేట్ కర్మాగారం వెనక లక్షన్నర టన్నులకు పైగా వ్యర్థం పోగుపడింది. దాని కింద క్రోమియం నడకను హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వాళ్ళు నమూనాలు కట్టి అంచనా వేశారు. తెలంగాణలోని పటాన్‌చెరు పక్క నక్కవాగు వెంట నేలలోకి దిగిన వ్యర్థాల మీదా అదే సంస్థ పనిచేసింది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది కాబట్టి, ఇక్కడా ఎవరో ఒకరు గొట్టాలు దింపుతామని రావడానికి ఎక్కువకాలం పట్టదు. వచ్చినప్పుడు వాళ్ళ చేతిలో ఉండేది మొహావీ ఇసుకలోనో, కెనడా ఇసుకలోనో పనిచేసిన పద్ధతే.

తెలంగాణ నేల ఇసుక కాదు, చాలా భాగం గ్రానైట్. పైన పది ఇరవై మీటర్ల మేర శిథిలమైన రాయి, దాని కింద గట్టి రాతిలో పగుళ్ళు. నీళ్ళు రేణువుల మధ్య నుంచి సమంగా కదలవు, పగులు ఎటు ఉంటే అటు పరుగెడతాయి. రైతులకు ఇది బాగా తెలుసు. ఒక బోరు నిండుగా పోస్తుంటే ఇరవై అడుగుల దూరంలో వేసింది పొడి దుమ్ము కొడుతుంది. హైదరాబాదుకు దక్షిణంగా ఉన్న మహేశ్వరంలో, 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో భారత, ఫ్రెంచ్ పరిశోధకులు 1999 నుంచి ఏళ్ళ తరబడి ఈ పగుళ్ళనే కొలిచారు. అది నీటి లభ్యత గురించిన పని, కార్ఖానాల కాలుష్యం కోసం చేసింది కాదు. ఎక్కించే మందు ఏ పగులు పట్టుకుని ఏ బోరులో తేలుతుందో చెప్పడానికి పటాన్‌చెరులోనూ అలాంటి కొలతే కావాలి, మొదటి గొట్టం దిగకముందే. లీటరుకు ఎంత ఆర్సెనిక్, ఎంత మాంగనీసు, ఎంత క్రోమియం ఇప్పుడు ఉందో ప్రతి బోరుకూ రాసిపెట్టిన పుస్తకం కావాలి, అది ఆ బోరు యజమాని చేతిలో ఉండాలి.